గాదెలు ఖాళీ చేసిన సంఖ్య

ఒక్క గింజ. తర్వాత రెండు. ఆ తర్వాత నాలుగు... చదరంగం బల్ల మీద అరవై నాలుగో గడి దాకా ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం ఎన్ని గింజలవుతాయి? జవాబు ఇరవై అంకెల సంఖ్య. వెయ్యేళ్ల కిందట అరబ్బీ గ్రంథంలో దాన్ని లెక్కగట్టారు. తెలుగులో ఏకంగా పద్యమే కట్టారు. ఇప్పుడది మన జేబులోని సెల్‌ఫోన్లో కూర్చుంది. దాని సంగతి తెలియనివాళ్ల జేబులు మాత్రం ఇప్పటికీ ఖాళీ అవుతూనే ఉన్నాయి!

ఇదిగో ఆ సంఖ్య: 1,84,46,74,40,73,70,95,51,615.

ఒకసారి పైకి చదవడానికి ప్రయత్నించండి. కోటి దాకా పేర్లు అందరికీ తెలుసు. ఆ పైన ఏదైనా కోట్లలోనే చెప్పుకోవాలి. అలా చెబితే ఇది... ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్భై కోట్ల తొంభై అయిదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేను. 'కోట్ల' అన్న మాట రెండుసార్లు వచ్చింది, గమనించారా? అది అచ్చుతప్పు కాదు. కోట్లకు కోట్లన్నమాట!

రాజుగారు నవ్విన కోరిక

చదరంగం పుట్టిల్లు మన దేశమే. ఇక్కడ చతురంగంగా పుట్టి, పర్షియా వెళ్లి, అరబ్బుల చేతుల మీదుగా యూరప్ చేరింది. ఆటతో పాటే ఓ కథ కూడా దేశాలు తిరిగింది. 13వ శతాబ్దానికి చెందిన అరబ్బీ చరిత్రకారుడు ఇబ్న్ ఖల్లికాన్ దాన్ని రాసిపెట్టాడు.

సిస్సా అనే పండితుడు ఈ ఆటను కనిపెట్టి రాజుగారికి చూపించాడట. రాజుకి ఆట తెగ నచ్చేసింది. ఏం కావాలో కోరుకోమన్నాడు. మొదటి గడిలో ఒక గోధుమ గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా గడిగడికీ రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గళ్లూ నింపిస్తే చాలన్నాడు సిస్సా. మణులు అడగలేదు, మాన్యాలు అడగలేదు. ఇంత చిన్న కోరికా అని రాజు నవ్వాడు. గుమాస్తాలు లెక్క వేసుకుని వచ్చాక ఆ నవ్వు మాయమైంది. రాజ్యంలోని గాదెలన్నీ ఊడ్చినా ఆ బాకీ తీరదు మరి!

కేరళలోని అంబలప్పుళలో ఇదే కథ స్థలపురాణంగా వినిపిస్తుంది. అక్కడ శ్రీకృష్ణుడే సాధువు వేషంలో వచ్చి, రాజుతో చదరంగం ఆడి గెలిచి, ఇదే లెక్కన బియ్యం అడిగాడంటారు. ఒక్కసారిగా ఇచ్చుకోలేని రాజు, రోజూ పాలపాయసం పెట్టి బాకీ తీర్చుకుంటానని ఒప్పుకున్నాడట. ఆ ఆలయంలో పాలపాయసం ప్రసాదానికి అంత పేరు రావడం వెనక ఉన్న కథ ఇది.

కథ నిజమా, కల్పనా అన్నది పక్కన పెడదాం. లెక్క మాత్రం నూటికి నూరుపాళ్లూ నిజం.

సగం బల్ల దాకా సాఫీగానే...

గ్రాముకు సుమారు 50 బియ్యపు గింజలు తూగుతాయనుకుందాం. మొదటి వరసలోని ఎనిమిది గళ్లకీ కలిపి 255 గింజలు. అంటే అయిదు గ్రాములు. ఒక ముద్దకి కూడా చాలవు. రెండో వరస పూర్తయ్యేసరికి 65,535 గింజలు. కిలోమూడొందల గ్రాములు. ఓ చిన్న కుటుంబానికి రెండు పూటలకు సరిపోతాయేమో. మూడో వరస చివరికి కోటీ 67 లక్షల గింజలు దాటి, మూడు క్వింటాళ్ల పైచిలుకు అవుతాయి. ఇంతదాకా ఓ మోస్తరు రైతు ఇంట్లోంచే ఇవ్వొచ్చు.

నాలుగో వరసతో సగం బల్ల పూర్తవుతుంది. అప్పటికి గింజలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 295. బరువు సుమారు 86 టన్నులు. పది టన్నుల లారీలు తొమ్మిది కావాలి. రాజుగారికి ఇదీ పెద్ద లెక్క కాదు. అసలు మలుపు ఇక్కడే ఉంది. ముప్ఫై మూడో గడి... ఆ ఒక్క గడిలోనే అంతకుముందు 32 గళ్లలో పెట్టిన గింజలన్నిటికన్నా ఒకటి ఎక్కువ పెట్టాలి. ఆ తర్వాతి గడిలో దానికి రెట్టింపు!

అలా అరవై నాలుగో గడి నిండేసరికి బియ్యం బరువు సుమారు 36,900 కోట్ల టన్నులు. 2023-24లో మన దేశంలో పండిన బియ్యం దాదాపు 13.8 కోట్ల టన్నులు. ఆ లెక్కన దేశం మొత్తం పంటనీ ఒక్క గింజ కూడా తినకుండా రెండు వేల ఆరు వందల ఏళ్లకు పైగా పోగెయ్యాలి. ప్రపంచం మొత్తం పండించే బియ్యమైనా, ఇప్పటి దిగుబడితో సుమారు ఏడు వందల ఏళ్లు పడుతుంది. ఇక సన్నబియ్యమైతే గ్రాముకు గింజలు ఇంకా ఎక్కువ తూగుతాయి కాబట్టి బరువు కాస్త తగ్గుతుంది. అంతే తప్ప రాజుగారి కష్టం మాత్రం తీరదు.

ఆరే ఆరు గుణకారాలు

ఇంత పెద్ద సంఖ్య రావాలంటే 64 సార్లు రెట్టింపు చేసి, అన్నీ కూడాలా? అక్కర్లేదు. దీనికో చక్కటి దగ్గరి దారి ఉంది.

మొదటి మూడు గళ్లు చూడండి. 1, 2, 4... కూడితే 7. నాలుగో గడిలో ఉండేది 8. మొదటి నాలుగు గళ్లు కూడితే 15. అయిదో గడిలో 16. అంటే ఏ గడి దాకా కూడినా, వచ్చే మొత్తం తర్వాతి గడి కన్నా సరిగ్గా ఒకటి తక్కువ. కాబట్టి బల్ల మీద లేని 65వ గడిని ఊహించుకుని, అందులో ఎన్ని గింజలుండాలో కనుక్కుని, ఒకటి తీసేస్తే సరి!

ఆ 65వ గడికి చేరడానికి ఆరు గుణకారాలు చాలు. రెండుని రెండుతో గుణిస్తే 4. నాలుగుని నాలుగుతో గుణిస్తే 16. పదహారుని పదహారుతో... 256. దాన్ని దానితోనే గుణిస్తే 65,536. మళ్లీ దాన్ని దానితోనే గుణిస్తే 429 కోట్ల పైచిలుకు. ఇంకొక్కసారి అలాగే చేస్తే మన ఇరవై అంకెల సంఖ్యకు ఒకటి ఎక్కువ వచ్చేస్తుంది. గణితంలో దీన్ని రెండు ఘాతం అరవై నాలుగు అంటారు. అందులోంచి ఒకటి తీసేస్తే మన సంఖ్య.

ఇలా వర్గాలు చేసుకుంటూ వెళ్లే కిటుకు ఇప్పటిది కాదు. దాదాపు వెయ్యేళ్ల కిందట అల్ బిరూనీ తన గ్రంథంలో ఈ పద్ధతినే వివరించి, ఇరవై అంకెలూ తప్పు లేకుండా రాశాడు. మన దేశం గురించీ, మన గణితం గురించీ ఎంతో రాసిన పండితుడాయన.

పద్యంలో దాగిన అంకెలు

ఇదే సంఖ్య తెలుగులోనూ ఉంది. అదీ అంకెల్లో కాదు... చంపకమాలలో! పావులూరి మల్లన పేరుతో ప్రచారంలో ఉన్న పద్యమది. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణిత గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చిన కవి మల్లన. నన్నయ కాలానికి దగ్గరివాడని చెబుతారు. మన భాషలో గణితం గురించి వచ్చిన తొలి పుస్తకాల్లో ఆయన 'గణితసారం' ఒకటి.

ఇరవై అంకెల్ని పద్యంలో ఎలా ఇరికించారు? దీనికి మన పూర్వులు వాడిన పద్ధతి పేరు భూతసంఖ్యలు. ఒక్కో అంకెకీ లోకంలో ఆ లెక్కలో ఉండే వస్తువు పేరు వాడతారు. చంద్రుడు ఒక్కడే కాబట్టి చంద్రుడంటే 1. అగ్నులు మూడు. వేదాలు నాలుగు. మన్మథుడి బాణాలు అయిదు కాబట్టి బాణమంటే 5. కులపర్వతాలు ఏడు కాబట్టి కొండంటే 7. దిక్కుల్ని మోసే ఏనుగులు ఎనిమిది. శరీరానికి రంధ్రాలు తొమ్మిది. ఇక ఆకాశమంటే శూన్యం... సున్నా!

ఇంకో నియమం కూడా ఉంది. అంకెలు కుడి నుంచి ఎడమకు నడవాలి. అంటే పద్యంలో మొదట వచ్చే మాట ఒకట్ల స్థానంలో అంకె అవుతుంది. తర్వాతి మాట పదుల స్థానం. ఈ పద్యం బాణంతో మొదలై, చంద్రుడితో లెక్క ముగిస్తుంది. అంటే మన సంఖ్య చివర 5, మొదట 1. సరిచూసుకోండి. అచ్చంగా సరిపోతుంది. మధ్యలోని 18 అంకెలూ అంతే.

ఇదంతా పాండిత్య ప్రదర్శన కోసమే అనుకుంటే పొరపాటు. తాటాకు మీద అంకెల్ని నకలు రాసేటప్పుడు ఒకటి పొరపాటున మారినా కనిపెట్టడం కష్టం. పద్యంలో అయితే మాట మారితే గణం తప్పుతుంది, యతి తప్పుతుంది. చదివినవాడు వెంటనే పట్టుకుంటాడు. నోటికొచ్చిన పద్యాన్ని చెదలు తినలేదు. ఇప్పుడు కంప్యూటర్లో సమాచారం చెడిపోకుండా కాపలా ఏర్పాట్లు చేస్తారే... అప్పట్లో ఛందస్సే ఆ కాపలా.

అన్నట్టు ఈ సంఖ్యలో ఓ తమాషా ఉంది. 0 నుంచి 9 దాకా ఉన్న పది అంకెల్లో ఇందులో కనిపించనిది ఒకే ఒక్కటి. అది... 2! రెట్టింపు మీద రెట్టింపు చేసి, రెండుతోనే కట్టిన సంఖ్యలో రెండే లేదు. భూతసంఖ్యల్లో రెండుకి కళ్లు, చేతులు, పక్షాలు లాంటి మాటలుంటాయి. ఈ పద్యం కట్టిన కవికి వాటితో పనే పడలేదు.

లోపల ఏడుగురు

సంఖ్యని పైనుంచి చూశాం. ఇప్పుడు విప్పి చూద్దాం. చివర 5 ఉంది కాబట్టి 5తో భాగించవచ్చు. అంకెలన్నీ కూడితే 87. అది మూడో ఎక్కంలో ఉంది కాబట్టి 3తోనూ భాగించవచ్చు. ఇంకా విప్పుకుంటూ వెళితే చివరికి ఏడు ప్రధాన సంఖ్యలు మిగులుతాయి. 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఈ ఏడింటినీ గుణిస్తే మన ఇరవై అంకెల సంఖ్య వస్తుంది.

ఈ ఏడుగురి వెనక ఓ పెద్ద కథే ఉంది. 1640 ప్రాంతంలో ఫ్రాన్స్‌కు చెందిన ఫెర్మా అనే న్యాయాధికారి సరదాగా గణితం చేస్తూ ఓ సంగతి గమనించాడు. ఇందాక ఆరు గుణకారాల్లో వచ్చిన 2, 4, 16, 256, 65,536లకు ఒక్కొక్కటి కలిపితే 3, 5, 17, 257, 65,537. అయిదూ ప్రధాన సంఖ్యలే! ఆ తర్వాత వచ్చేవి కూడా ఇలాగే ప్రధాన సంఖ్యలవుతాయని ఆయన నమ్మాడు. ఆరోది 429,49,67,297. దాన్ని విడగొట్టడం ఎవరివల్లా కాలేదు. దాదాపు తొంభై ఏళ్లు అలాగే గడిచాయి.

1732లో ఆయిలర్ వచ్చాడు. ఆ ఆరో సంఖ్య 641తో నిశ్శేషంగా భాగింపబడుతుందని చూపించాడు. ఫెర్మా నమ్మకం కూలిపోయింది. ఒక్కో సంఖ్యతో భాగించుకుంటూ పోతే ఎన్నాళ్లు పట్టేదో! ఆ తర్వాత ఆయిలర్ తన కిటుకు చెప్పాడు. ఆ సంఖ్యకు కారణాంకమంటూ ఉంటే, దాన్ని 64తో భాగించినప్పుడు శేషం ఒకటే రావాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నానికే దొరికింది! గళ్ల బల్లలోని 64 ఇక్కడా ఎదురుపడటం చిత్రమే.

కథ అక్కడితో అయిపోలేదు. 1796లో జర్మనీలో గాస్ అనే కుర్రాడు, ఇంకా 19 ఏళ్లు నిండలేదు, స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి 17 సమాన భుజాల బహుభుజి గీయవచ్చని కనిపెట్టాడు. రెండు వేల ఏళ్లుగా ఎవరికీ తట్టని విషయమది. అసలు ఎన్ని భుజాలుంటే అలా గీయగలం అన్నదానికి పూర్తి జవాబు 1837లో వాంట్‌జెల్ నిరూపణతో తేలింది. భుజాల సంఖ్య బేసి అయితే, అది ఫెర్మా చెప్పిన ప్రధాన సంఖ్యల్లో ఏదో ఒకటైనా కావాలి, లేదా వాటిలో కొన్నిటిని ఒక్కోసారి చొప్పున గుణిస్తే వచ్చేదైనా కావాలి. ఇప్పటిదాకా తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు ఆ మొదటి అయిదే. వాటితో 31 రకాల బేసి బహుభుజులు సాధ్యం. అన్నిటికన్నా పెద్దదానికి ఎన్ని భుజాలో తెలుసా? 429,49,67,295. సగం బల్ల మీది గింజలన్ని!

కాశీలో లేని గుడి

1883లో ఫ్రాన్స్‌లో ఎడ్వర్డ్ లూకాస్ అనే గణితవేత్త ఓ ఆటబొమ్మ తయారుచేశాడు. మూడు కర్రలు, ఒకదాని మీద పెద్దది అడుగున, చిన్నది పైన ఉండేలా బిళ్లలు. ఒకసారి ఒక్క బిళ్లే తియ్యాలి. చిన్న బిళ్ల మీద పెద్దది పెట్టకూడదు. మొత్తం దొంతర్ని ఇంకో కర్రకు మార్చాలి. 'హనోయ్ గోపురం' పేరుతో ఇప్పటికీ బొమ్మల దుకాణాల్లో దొరుకుతుంది. కంప్యూటర్ కోర్సు చదివినవాళ్లకైతే చెప్పనక్కర్లేదు.

ఈ బొమ్మతో పాటు ఓ కథ కూడా ప్రచారమైంది. కాశీలోని ఓ గుడిలో వజ్రపు సూదుల మీద 64 బంగారు బిళ్లలున్నాయనీ, పూజారులు రాత్రింబవళ్లు వాటిని మారుస్తుంటారనీ, అది పూర్తయిన రోజు లోకం అంతమవుతుందనీ! కాశీలో అలాంటి గుడేమీ లేదు. కథ పారిస్‌లో పుట్టిందే. లెక్క మాత్రం కచ్చితం. మూడు బిళ్లలకు 7 ఎత్తులు, ఎనిమిదింటికి 255, అరవై నాలుగింటికి... మన ఇరవై అంకెల సంఖ్యే. సెకనుకొకటి చొప్పున మార్చినా సుమారు 58,500 కోట్ల ఏళ్లు పడుతుంది. విశ్వం వయసు దాదాపు 1,380 కోట్ల ఏళ్లు. కాబట్టి కంగారేమీ లేదు!

ఫోన్లో చదరంగం బల్ల

పాతకాలం కిరాణాకొట్టులో తూకం రాళ్లు గుర్తున్నాయా? 1, 2, 4, 8, 16 కిలోల రాళ్లు ఒక్కొక్కటి చొప్పున ఉంటే ఒకటి నుంచి 31 కిలోల దాకా ఏ బరువైనా తూచవచ్చు. ఏ బరువుకైనా ఒకే ఒక్క అమరిక. పదమూడు కిలోలంటే 8, 4, 1. ఇంకో రకంగా కుదరదు. ఇలాంటి రాళ్లు 64 ఉంటే? ఒకటి నుంచి మన సంఖ్య దాకా దేన్నైనా తూచెయ్యవచ్చు.

కంప్యూటర్ చేసేది అచ్చం ఇదే. రాయి పెడితే 1, తీస్తే 0. '64 బిట్' కంప్యూటర్, ఫోను అంటుంటారే, అందులో ఒక సంఖ్యకు అలాంటి 64 గళ్లుంటాయి. అన్ని గళ్లలోనూ 1 ఉంటే వచ్చేది 1,84,46,74,40,73,70,95,51,615. ఆ అరలో పట్టే అతి పెద్ద సంఖ్య అదే. సిస్సా అడిగినన్ని!

దీనికి ముందు 32 బిట్ల కాలం నడిచింది. అంటే సగం బల్ల. అది చాలదని తేలడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. 2014 డిసెంబరులో 'గంగ్నమ్ స్టైల్' పాటను చూసినవాళ్ల లెక్క యూట్యూబ్‌లో 214,74,83,647 దాటిపోయింది. ప్లస్, మైనస్ గుర్తుకి ఒక గడి పోగా 31 గళ్లలో పట్టేది అంతే. దాంతో లెక్కను 64 గళ్లకి మార్చారు.

ఇంతకన్నా ముఖ్యమైన గడువు ఇంకోటి ఉంది. చాలా కంప్యూటర్లు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టుకుంటూ కాలం తెలుసుకుంటాయి. 32 బిట్ల అరతో పనిచేసే పాత యంత్రాల్లో ఆ లెక్క 2038 జనవరి 19న, మన టైము ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతుంది. మరుసటి సెకనుకి అవి 1901వ సంవత్సరంలోకి జారిపోతాయి. అందుకే వాటిని 64 బిట్లకు మారుస్తున్నారు. మార్చాక మళ్లీ నిండటానికి సుమారు 29,200 కోట్ల ఏళ్లు. సగం బల్లకీ నిండు బల్లకీ ఉన్న తేడా అదీ!

ఇద్దర్ని చేర్పిస్తే చాలట!

రాజుగారికి జరిగింది పాత కథ. అదే మోసం కొత్త వేషంలో మన గుమ్మంలోకి వస్తూనే ఉంటుంది. 'మీరు చేరండి. ఇంకో ఇద్దర్ని చేర్పించండి. వాళ్లు చెరో ఇద్దర్ని చేర్పిస్తారు. ఇంక మీరు కూర్చుని తినొచ్చు' అంటూ బంధువో, పాత స్నేహితుడో, పక్కింటివాళ్లో వస్తారు. గొలుసుకట్టు స్కీములివి. పేర్లు మారుతుంటాయి. సబ్బులు, మందులు, కోర్సులు, ఆన్‌లైన్ పెట్టుబడులు... సరుకు మారుతుంది. లెక్క మారదు.

మొదట ఒకడు. కింద ఇద్దరు. ఆ కింద నలుగురు. ఎక్కడో చూసినట్టు లేదూ? చదరంగం బల్లే!

ఒక్కొక్కరూ వారానికి ఇద్దర్ని చేర్పిస్తారనుకుందాం. పది వరసలకి 1,023 మంది. ఇరవై వరసలకి 10 లక్షలు దాటతారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8.46 కోట్లు. 27వ వరసకే 13 కోట్ల మంది కావాలి. పసిపిల్లలతో సహా అందరూ చేరినా చాలరు. 33వ వరసకి 858 కోట్ల మందికి పైగా కావాలి. ప్రపంచ జనాభా 2022 నవంబరులో 800 కోట్లు దాటింది. ఇదంతా జరగడానికి ఎనిమిది నెలలు కూడా పట్టదు. కాబట్టి గొలుసు ఎక్కడో ఒకచోట తెగి తీరుతుంది. నడిపేవాడు మంచివాడైనా, చెడ్డవాడైనా!

తెగినప్పుడు ఎవరు మునుగుతారు? ఇక్కడే ఆ పాత కిటుకుని గుర్తు తెచ్చుకోవాలి. ఏ గడి చూసినా అంతకుముందున్న గళ్లన్నిటి మొత్తం కన్నా ఒకటి ఎక్కువ. అంటే గొలుసు ఏ వరస దగ్గర తెగినా, చేరినవాళ్లలో సగానికి పైగా ఆఖరి వరసలోనే ఉంటారు. ఇరవై వరసల దగ్గర తెగిందనుకోండి. మొత్తం 10,48,575 మందిలో 5,24,288 మంది ఆఖరి వరస. వాళ్ల కింద ఒక్కరూ లేరు. కట్టిన డబ్బు కట్టినట్టే పోతుంది. కింద రెండు వరసలుంటే తప్ప డబ్బు వెనక్కి రాని స్కీమైతే, మునిగేది నూటికి 75 మంది. ఇద్దరికి బదులు ముగ్గుర్ని చేర్పించమంటే ఇంకా అన్యాయం. అప్పుడు ఆఖరి వరసే మూడింట రెండొంతులు!

ఇది ఫలానా కంపెనీ తప్పు వల్ల జరిగేది కాదు. రెట్టింపు లక్షణమే అంత. 'మా బావకి నిజంగానే డబ్బొచ్చింది' అని ఎవరైనా చెబితే అబద్ధమనుకోనక్కర్లేదు. వచ్చే ఉంటుంది. ఆయన పై వరసలో ఉన్నాడు. ఆయనకొచ్చిన డబ్బు కింది వరసవాళ్లదే. గొలుసులో కొత్తగా పుట్టే రూపాయి అంటూ ఏదీ ఉండదు.

అందుకే 1978లోనే ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం తెచ్చారు. అలాంటి పథకం నడపడమే కాదు, అందులో సభ్యులుగా చేరడం కూడా నేరమేనంటుంది ఆ చట్టం. 2021లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు కూడా గొలుసుకట్టు పద్ధతిని నిషేధించాయి. రిజిస్టరైన చిట్‌ఫండ్లు వేరు. వాటికి సభ్యుల సంఖ్య ముందే తేలిపోయి ఉంటుంది. రెట్టింపయ్యే గొడవ ఉండదు.

అప్పుల్లోనూ ఇదే లెక్క మాటువేసి ఉంటుంది. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే చిన్నదిగానే వినిపిస్తుంది. కట్టకుండా వదిలేసి, నెలనెలా వడ్డీకి వడ్డీ పడితే అసలు 24 నెలలకే రెట్టింపు. పదేళ్లు గడిస్తే పదివేల అప్పు మూడు లక్షలు దాటుతుంది. మొదటి నాలుగు గళ్లు చూసి నవ్వితే, ఆ తర్వాతి గళ్ల దగ్గర ఏడవాల్సిందే.

ఈ ఆదివారం ఇంట్లో చదరంగం బల్ల ఉంటే బయటికి తియ్యండి. లేకపోతే కాగితం మీద గళ్లు గీయండి. పిల్లల చేత డబ్బాలోని బియ్యం గింజలు పెట్టించండి. మొదటి వరస అయిదు నిమిషాల్లో పూర్తవుతుంది. రెండో వరసలో సగానికే గడి చాలదు, చేతులు నొప్పెడతాయి, ఓపిక అయిపోతుంది. అప్పుడు 'ఇంకా ఎన్ని గళ్లున్నాయో లెక్కపెట్టు' అనండి. పెద్దయ్యాక ఎవరైనా వచ్చి 'ఇద్దర్ని చేర్పిస్తే చాలు' అంటే, వాళ్లకి ఆ గళ్లు గుర్తొస్తాయి.